మసీదులో నీడ గడియారం

పిల్లలూ! ముందుగా నా తప్పొకటి ఒప్పుకొని, ఆ తరువాత అసలు సంగతి చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం, ఒక ఫిబ్రవరి నెలలో, ఎనిమిదో తరగతి పిల్లల చేత బడి ఆటస్థలంలో ఒక ప్రయోగం చేయించాను. మీటరు పొడవున్న కర్రను నేలలో నిటారుగా నిలబెట్టాలి. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా నాలుగేసి నిమిషాలకు ఒకసారి దాని నీడ పొడవు కొలిచి రాయాలి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న వేళే మధ్యాహ్నం. ఒక అమ్మాయి తన నోటుబుక్కులో "మధ్యాహ్నం: సుమారు 12 గంటల 24 నిమిషాలు" అని రాసుకొచ్చింది. నేను ఎర్రసిరాతో దాన్ని కొట్టేసి "12 గంటలు" అని దిద్దాను.

"నేను చూసిందే రాశాను మాష్టారూ" అంది ఆ అమ్మాయి.

"నీ గడియారం ముందుకు పోయి ఉంటుందిలే" అన్నాను నేను.

ఆ అమ్మాయి గడియారం సరైనదే. తప్పు నాది. ఆ సంగతి నాకు తెలిసింది బడిలో కాదు, ఒక పాత రేవుపట్నంలోని మసీదులో.

ప్రళయకావేరి ఒడ్డున

నెల్లూరు దాటి మద్రాసు వైపు రైల్లో వెళ్ళేటప్పుడు సూళ్ళూరుపేట వస్తుంది. అక్కడికి తూర్పున పెద్ద ఉప్పునీటి సరస్సు ఉంది. అదే పులికాట్ సరస్సు. మన దేశంలో చిలకా తరువాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. మనవాళ్ళు దీన్ని ప్రళయకావేరి అని కూడా పిలుస్తారు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. దక్షిణపు కొసన, నీళ్ళు సముద్రంలో కలిసే చోట, తమిళనాడు గడ్డ మీద పులికాట్ అనే ఊరుంది. తమిళులు దాన్ని పళవేర్కాడు అంటారు.

ఇప్పుడది చేపల వేటతో బతికే చిన్న ఊరు. ఒకప్పుడు మాత్రం దాని పేరు సముద్రాల అవతల కూడా వినిపించేది. విజయనగర రాజుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడి నుంచి రంగుబట్టలు ఓడలకెక్కి మలయా, జావా దీవుల వైపు వెళ్ళేవి. అక్కడి ముస్లిం కుటుంబాలు కొన్ని తమ పూర్వులు అరేబియా నుంచి సముద్రం మీద వచ్చారని చెప్పుకొంటాయి. తరువాత పోర్చుగీసువారు వచ్చారు. వారి వెనుక డచ్చివారు వచ్చి, 1613 లో గెల్డ్రియా అనే కోట కట్టారు. 1690 లో తమ ముఖ్య కార్యాలయాన్ని నాగపట్నానికి మార్చేదాకా, ఈ తీరంలో డచ్చివారి వ్యాపారానికి పులికాటే కేంద్రం. ఇటు మద్రాసు పెరిగింది. అటు సరస్సు ముఖద్వారంలో ఇసుక మేట వేసింది. రేవు వైభవం తగ్గింది. కోట శిథిలమైంది. డచ్చివారి సమాధుల తోట, మసీదులు, కోవెలలు మిగిలాయి.

ఆ మసీదుల్లో చిన్న పళ్ళివాసల్ అనేదొకటి. పళ్ళివాసల్ అంటే తమిళంలో మసీదు. అందులో నమాజు వేళలు తెలుసుకోవడానికి ఏర్పాటు చేసిన నీడ గడియారం ఉంది. దీనికి ముల్లు తిరగదు, టిక్‌టిక్ శబ్దం రాదు, కీ ఇవ్వనక్కరలేదు. ఎండలో నీడ పడితే చాలు, వేళ తెలుస్తుంది.

నేను అక్కడికి వెళ్ళిందీ ఫిబ్రవరిలోనే. నా చేతి గడియారం సరిగ్గా పన్నెండు చూపిస్తున్నది. నీడ మాత్రం ఇంకా మధ్యాహ్నానికి చేరలేదు. చేతి గడియారాన్ని నమ్మాలా, నీడను నమ్మాలా? అప్పుడు గుర్తుకొచ్చింది నాకు, ఆ అమ్మాయి రాసిన 12 గంటల 24 నిమిషాలు.

మసీదుకు నీడతో పనేమిటి?

ముస్లిములు రోజుకు అయిదు వేళల నమాజు చేస్తారని మీకు తెలుసు. ఆ వేళలన్నీ ఆకాశాన్ని చూసి నిర్ణయించినవే. తూరుపు తెల్లవారే వేళ ఫజర్. సూర్యుడు నడిమింట నుంచి పడమటికి వాలిన తరువాత జుహర్. మరికొంత వాలాక అసర్. సూర్యుడు అస్తమించగానే మగ్రిబ్. సంధ్యకాంతి పోయి చీకటి పడ్డాక ఇషా.

ఇందులో జుహర్, అసర్ అనే రెండు వేళలకు నీడే కొలత. సూర్యుడు నడిమింటికి వచ్చినప్పుడు నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుంది. అక్కడి నుంచి సూర్యుడు వాలడాన్ని జవాల్ అంటారు. పొట్టిగా ఉన్న నీడ మళ్ళీ పెరగడం మొదలైతే జుహర్ వేళ వచ్చినట్టు. ఇక అసర్ సంగతి. మధ్యాహ్నపు నీడ పొడవుకు కర్ర పొడవు కలపండి. నీడ అంత పొడవైనప్పుడు అసర్ మొదలవుతుంది. మరొక సంప్రదాయంలో కర్ర పొడవును రెండింతలు చేసి కలుపుతారు.

ఉదాహరణకు, కర్ర మీటరుంది. మధ్యాహ్నం దాని నీడ 40 సెంటీమీటర్లుంది. అయితే నీడ 140 సెంటీమీటర్లకు పెరిగినప్పుడు అసర్ వేళ. రెండో సంప్రదాయం ప్రకారమైతే 240 సెంటీమీటర్లు కావాలి.

ఇప్పుడు ఆలోచించండి. జవాల్ కాకముందే జుహర్ నమాజు చేస్తే అది వేళకు ముందు చేసినట్టవుతుంది. ఫిబ్రవరిలో గడియారం చూసుకొని "పన్నెండు దాటి పది నిమిషాలైంది" అని లేచినవాడు తొందరపడ్డట్టే. కాబట్టి ఆకాశంలో మధ్యాహ్నం ఎప్పుడైందో కచ్చితంగా తెలియాలి. ఈ అవసరం వల్లనే పూర్వం పెద్ద పెద్ద మసీదుల్లో వేళలు లెక్కకట్టడానికి ఒక ఖగోళ పండితుణ్ణి నియమించేవారు. అతణ్ణి మువక్కిత్ అనేవారు. ఈనాటి మసీదుల గోడల మీద కనిపించే అచ్చువేసిన వేళల పట్టికలు కూడా ఈ లెక్కతోనే తయారవుతాయి.

మధ్యాహ్నం ఏ ఊరిది?

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. తూర్పున ఉన్న ఊరికి మధ్యాహ్నం ముందు, పడమట ఉన్న ఊరికి వెనుక అవుతుంది. మన దేశం తూర్పు కొస నుంచి పడమటి కొసకు సుమారు 29 డిగ్రీల వెడల్పుంది. అరుణాచల్ ప్రదేశ్‌లో సూర్యుడు నడిమింటికి వచ్చాక గుజరాత్ కొసకు రావడానికి దాదాపు రెండు గంటలు పడుతుందన్నమాట.

ఏ ఊరివారు ఆ ఊరి సూర్యుణ్ణి చూసి గడియారం పెట్టుకుంటే రైళ్ళు నడవగలవా? అందుకే 1906 జనవరి 1 నుంచి దేశానికంతా ఒకే వేళ పెట్టారు. దాన్నే భారత ప్రామాణిక కాలం అంటాం. దానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. ఈ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. అంతకు ముందు మన రైళ్ళు మద్రాసు వేళతో నడిచేవి. ఆ వేళ మద్రాసులో 1792 లో నెలకొల్పిన నక్షత్రశాల లెక్కలను బట్టి వచ్చింది.

నరసరావుపేట రేఖాంశం సుమారు 80.05 డిగ్రీలు. 82½ నుంచి తేడా 2.45 డిగ్రీలు. నాలుగుతో హెచ్చవేయండి. 9.8, అంటే సుమారు 10 నిమిషాలు. మన గడియారం 12 కొట్టిన తరువాత సగటున పది నిమిషాలకు గాని నరసరావుపేట నడినెత్తికి సూర్యుడు రాడు. మాచర్ల ఇంకా పడమరగా ఉంది కనుక అక్కడికి రావడానికి మరో రెండున్నర నిమిషాలు పడుతుంది. పులికాట్ రేఖాంశం సుమారు 80.32 డిగ్రీలు. అక్కడి తేడా 9 నిమిషాలకు కాస్త తక్కువ.

కాని లెక్క ఇంతటితో సరిపోలేదు. ఆ అమ్మాయి రాసింది 24 నిమిషాలు. మనకు వచ్చింది 10. మిగతా 14 నిమిషాలు ఎక్కడివి?

సూర్యుడి ఆలస్యం

మధ్యాహ్నం నుంచి మరునాటి మధ్యాహ్నానికి ఎప్పుడూ సరిగ్గా 24 గంటలే పట్టదు. దీనికి రెండు కారణాలు.

మొదటిది భూమి దారి. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి సరైన వృత్తం కాదు, కొంచెం దీర్ఘవృత్తం. జనవరి మొదట్లో భూమి సూర్యునికి దగ్గరగా, 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జులై మొదట్లో 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దగ్గరగా ఉన్నప్పుడు వడిగా నడుస్తుంది, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా నడుస్తుంది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేలోపు దారిలో కూడా సుమారు ఒక డిగ్రీ ముందుకు జరుగుతుంది. కనుక సూర్యుడు మళ్ళీ నడిమింటికి రావాలంటే అది మరి కొంచెం తిరగాలి. వడిగా నడిచే రోజుల్లో ఆ "మరి కొంచెం" ఎక్కువవుతుంది.

రెండవది భూమి ఒరుగు. భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. అందువల్ల సూర్యుడు ఏడాది పొడవునా ఆకాశంలో నడిచే దారి భూమధ్యరేఖకు ఏటవాలుగా ఉంటుంది. ఆ ఏటవాలు దారిలో సూర్యుడు కొన్ని నెలల్లో తూర్పుకు ఎక్కువగా, కొన్ని నెలల్లో తక్కువగా జరుగుతాడు.

ఈ రెండింటి వల్ల ఒక రోజుకు వచ్చే తేడా అరనిమిషానికి మించదు. అయితే వారాల తరబడి అది పోగవుతుంది. ఫిబ్రవరి 11 ప్రాంతంలో సూర్యుడు మన గడియారం కంటే 14 నిమిషాలు వెనకబడతాడు. నవంబరు 3 ప్రాంతంలో 16 నిమిషాలు ముందుంటాడు. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాల్లో మాత్రం ఏ తేడా ఉండదు.

ఇప్పుడు కలపండి. నరసరావుపేటకు దూరం వల్ల 10 నిమిషాలు, ఫిబ్రవరి వల్ల 14. మొత్తం 24! ఆ అమ్మాయి రాసిన మధ్యాహ్నం 12 గంటల 24 నిమిషాలు. అదే ప్రయోగం నవంబరు మొదటి వారంలో చేసి ఉంటే 11 గంటల 53 నిమిషాలకే మధ్యాహ్నం అయ్యేది. ఒకే ఊళ్ళో మధ్యాహ్నం ఏడాదిలో అరగంట మేర అటూఇటూ ఊగుతుంది. మన గోడగడియారానికి ఈ సంగతి పట్టదు. నీడ మాత్రం ఏనాటి మధ్యాహ్నాన్ని ఆనాడే చూపిస్తుంది.

ఏ ఊరి నీడ ఆ ఊరిది

నిటారు కర్ర మధ్యాహ్నం చెబుతుంది కాని గంటలు చెప్పడానికి బాగా పనికిరాదు. ఉదయం తొమ్మిదింటికి దాని నీడ వేసవిలో ఒక దిక్కుకు, చలికాలంలో మరొక దిక్కుకు పడుతుంది. దీనికి ఉపాయం కర్రను వంచడం. కర్రను ఉత్తరానికి తిప్పి, ధ్రువనక్షత్రం వైపు చూసేట్టు ఏటవాలుగా నిలిపితే అది భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది. అప్పుడు ఏ గంట నీడ ఆ గంట గీత మీదనే ఏడాది పొడవునా పడుతుంది. డమాస్కస్ నగరపు పెద్ద మసీదులో మువక్కిత్‌గా ఉన్న ఇబ్న్ అల్ షాతిర్ 1371 ప్రాంతంలో ఇలాంటి నీడ గడియారాన్ని తయారుచేశాడు.

ఆ కర్ర వంపు ఎంత ఉండాలి? ఆ ఊరి అక్షాంశం ఎంతో అంత. పులికాట్‌లో 13.4 డిగ్రీలు, నరసరావుపేటలో 16.2 డిగ్రీలు, డమాస్కస్‌లో 33.5 డిగ్రీలు. అందువల్ల ఒక ఊరి నీడ గడియారాన్ని ఎత్తుకుపోయి మరొక ఊళ్ళో పెడితే అది తప్పు వేళ చూపుతుంది. రోమనులు క్రీ.పూ. 263 లో సిసిలీ దీవిలోని కటానా పట్నాన్ని జయించి అక్కడి నీడ గడియారాన్ని రోముకు తెచ్చి నిలబెట్టారు. రోము నాలుగు డిగ్రీలకు పైగా ఉత్తరాన ఉంది. ఆ గడియారం గీతలకు రోము ఎండ సరిపోలేదు. అయినా 99 ఏళ్ళపాటు రోమనులు ఆ తప్పు గడియారాన్నే చూసుకున్నారని ప్లీనీ అనే రచయిత రాశాడు. నా ఎర్రసిరా తప్పు అంతకాలం నిలవనందుకు కొంత ఊరట!

భారతీయ వృత్తం

మధ్యాహ్నానికి దగ్గరలో నీడ చాలా మెల్లగా మారుతుంది. "ఇదే అతి పొట్టి నీడ" అని పట్టుకోవడం కష్టం. మన పూర్వులు దీనికి చక్కని మార్గం కనిపెట్టారు. నిటారు కర్రను వారు శంకువు అన్నారు. శంకువు చుట్టూ నేల మీద ఒక వృత్తం గీసేవారు. పొద్దున నీడ పొడవుగా ఉండి వృత్తం బయట ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ కురచనై, ఒక వేళకు నీడ కొస వృత్తాన్ని తాకి లోపలికి వస్తుంది. మధ్యాహ్నం దాటాక మళ్ళీ పెరిగి, వృత్తాన్ని రెండోవైపు తాకి బయటికి పోతుంది. ఆ రెండు చోట్లా గుర్తు పెట్టి కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. శంకువు మొదటి నుంచి దానికి లంబం గీస్తే ఉత్తర దక్షిణాల గీత. నీడ ఆ గీత మీద పడిన క్షణమే మధ్యాహ్నం.

ఈ పద్ధతి మన దేశం నుంచి అరబ్బు పండితులకు చేరింది. వారు దాన్ని తమ శాస్త్రగ్రంథాల్లో దాయిరా హిందియ్యా అని పిలిచారు. అంటే "భారతీయ వృత్తం". గుడి కట్టేవారు దిక్కులు చూసుకోవడానికి వాడిన గీతే, మసీదులో నమాజు వేళ చెప్పడానికి కూడా అక్కరకు వచ్చింది. సరుకులు దిగిన రేవుల్లోనే చదువు కూడా దిగింది. ఓడల్లో బట్టలు, మిరియాలతోపాటు లెక్కలు కూడా ప్రయాణం చేశాయి.

మీరూ చేసి చూడండి

మీ బడి ఆవరణలో చదునైన చోట మీటరు కర్రను నిటారుగా నిలపండి. నిటారుగా ఉన్నదీ లేనిదీ దారానికి రాయి కట్టి, వేలాడదీసి చూసుకోండి. పైన చెప్పినట్టు వృత్తం గీసి ఉత్తర దక్షిణాల గీత సంపాదించండి. ఆ గీత చెరిగిపోకుండా సున్నంతో దిద్దండి. మరునాటి నుంచి నీడ ఆ గీత మీద పడినప్పుడు గడియారం ఎంత చూపిందో రాసుకోండి. వారానికొకసారి చొప్పున ఏడాదిపాటు రాస్తే, సూర్యుడు ముందుకూ వెనక్కూ ఊగే ఊగుడు మీ నోటుబుక్కులోనే కనిపిస్తుంది. ఎండలో పనిచేసేటప్పుడు సూర్యుని వైపు నేరుగా చూడవద్దు. చూపు నీడ మీదే ఉండాలి.

నీడలేని రోజు కూడా మీరు చూడవచ్చు. నరసరావుపేటలో మే 5, ఆగస్టు 7 ప్రాంతాల్లో మధ్యాహ్నం నిటారు కర్రకు నీడ ఉండదు. పులికాట్‌లో అది ఏప్రిల్ 25, ఆగస్టు 17 ప్రాంతాల్లో జరుగుతుంది. ఈ రెండు తేదీల మధ్య వేసవి మధ్యాహ్నాల్లో నీడ ఉత్తరానికి బదులు దక్షిణానికి పడుతుంది. మీలో ఎంతమంది గమనించారు?

పదో తరగతి పిల్లలకు ఇంకో పని. నరసరావుపేట, పులికాట్ దాదాపు ఒకే రేఖాంశం మీద, ఒకటి పైన, ఒకటి కింద ఉన్నాయి. రెండుచోట్లా మధ్యాహ్నం ఒక నిమిషం తేడాలోనే అవుతుంది. డిసెంబరు 22 న రెండు ఊళ్ళలోని పిల్లలూ మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ కొలవాలి. నరసరావుపేటలో సుమారు 83 సెంటీమీటర్లు వస్తుంది. పులికాట్‌లో 75. నీడను కర్ర పొడవుతో భాగించి, టాన్ పట్టిక చూస్తే కోణాలు 39.7, 36.9 డిగ్రీలు. తేడా 2.8 డిగ్రీలు. ఈ ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం పటం మీద స్కేలుతో కొలిస్తే సుమారు 313 కిలోమీటర్లు. 2.8 డిగ్రీలకు 313 అయితే, 360 డిగ్రీలకు ఎంత? సుమారు 40 వేల కిలోమీటర్లు. అదే భూమి చుట్టుకొలత! క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసింది ఇదే. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదు ఖలీఫా మామూన్ పండితులు కూడా ఎడారిలో ఒక డిగ్రీ దూరాన్ని కొలిచి, ఇదే లెక్క కట్టారు.

ఇదే పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ శ్రీహరికోట దీవి ఉంది. 2023 సెప్టెంబరు 2 న అక్కడి నుంచే ఆదిత్య-ఎల్1 బయలుదేరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలిచి సూర్యుణ్ణి పరిశీలిస్తున్నది. సరస్సుకు ఒక పక్క సూర్యుని కోసం పంపిన నౌక, మరో పక్క సూర్యుడే నడిపే గడియారం. రెండూ చేసే పని ఒక్కటే. ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి చెప్పడం.

ఇప్పుడు పిల్లలు నీడ కొలిచి తెచ్చినప్పుడు నేను ఎర్రసిరా కలం జేబులోంచి తీయను. వాళ్ళతోపాటు ఎండలోకి వెళ్ళి కర్ర పక్కన నిలబడతాను. మీరు కూడా పుస్తకంలో ఎంత ఉందో చూసి రాయవద్దు. నీడ ఎంత ఉందో అంతే రాయండి. ఎవరైనా కొట్టివేస్తే, "మరొకసారి కలిసి కొలుద్దాం మాష్టారూ" అని అడగండి.